1,415 రోజులు సొంతగడ్డపై గెలవని జట్టు: ఎడ్మంటన్ అభిమానుల కోపం ఎవరి మీద?

2019 అక్టోబర్ 12న కెనడా ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడే ఎడ్మంటన్ జట్టు తన సొంత మైదానం కామన్వెల్త్ స్టేడియంలో బీసీ లయన్స్‌ను 19–6తో ఓడించింది. ఆ రోజు ఇంటికి వెళ్ళిన అభిమానులకు అదేమంత గుర్తుపెట్టుకోవలసిన ఆటగా అనిపించి ఉండదు. అదే మైదానంలో ఇంకో గెలుపు చూడ్డానికి వాళ్ళకు 2023 ఆగస్ట్ 27 దాకా పట్టింది. వేళ్ళ మీద లెక్కపెట్టలేం కాబట్టి క్యాలెండర్ చూసి చెబుతున్నా, 1,415 రోజులు. మధ్యలో సొంతగడ్డపై 22 ఆటలు ఆడి 22 ఓడిపోయారు.

ఈ 22 విడివిడిగా ఎలా వచ్చాయో చూడండి. 2019లో మిగిలిన ఒక ఆట. 2020లో కోవిడ్ వల్ల సీజనే రద్దు. 2021లో ఏడు, 2022లో తొమ్మిది, 2023లో ఐదు. అంటే నడుమ రెండు పూర్తి సీజన్లపాటు టికెట్ కొనుక్కుని స్టేడియానికి వెళ్ళినవాళ్ళు ఒక్క గెలుపు కూడా చూడలేదు. అమెరికా, కెనడా ప్రొఫెషనల్ క్రీడల్లో సొంత మైదానంలో ఇంత పొడుగు ఓటముల వరస ఇంకే జట్టుకూ లేదు. అంతకుముందు ఆ రికార్డు 1953లో 20 ఆటలు వరసగా ఓడిన సెయింట్ లూయిస్ బ్రౌన్స్ అనే బేస్‌బాల్ జట్టు పేరున ఉండేది. ఆ జట్టు మరుసటి ఏడాది ఊరే మారిపోయింది.

ఎడ్మంటన్ ఏమీ పేరులేని జట్టు కాదు. కెనడా ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన గ్రే కప్‌ను 14 సార్లు గెలిచింది. 1978 నుంచి 1982 దాకా వరసగా ఐదుసార్లు. 1972 నుంచి 2005 వరకు 34 సీజన్లు ఒక్కసారి కూడా తప్పకుండా ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది. చివరి కప్పు 2015లో. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టు ఇప్పుడు ఆ బ్యానర్లే మిగిలాయి. 2021 నుంచి 2025 దాకా ఐదు సీజన్లలో ఒక్కసారీ ప్లేఆఫ్స్ మొహం చూడలేదు.

సహజంగానే జనానికి ఒళ్ళు మండింది. కోచ్‌ని పీకేయాలన్నారు, పీకేశారు. క్వార్టర్‌బ్యాక్‌ని మార్చాలన్నారు, మార్చారు. మేనేజర్‌ని, ప్రెసిడెంట్‌ని పంపేయాలన్నారు, పంపేశారు. చివరికి జట్టునే అమ్మేశారు. అడిగినవన్నీ జరిగినా ఫలితం మారకపోవడమే ఈ కథలోని చిక్కుముడి. అది విప్పాలంటే ముందు ఆట సంగతి కొంచెం తెలియాలి.

ఇది మన ఫుట్‌బాల్ కాదు, పూర్తిగా అమెరికాదీ కాదు

ఫుట్‌బాల్ అనగానే మనకు గుర్తొచ్చేది కాళ్ళతో ఆడే ఆట. ఇది అది కాదు. హెల్మెట్లు, భుజాల మీద ప్యాడ్లు, కోడిగుడ్డు ఆకారపు బంతి. చూడ్డానికి అమెరికా ఫుట్‌బాల్‌లానే ఉంటుంది కానీ కెనడావాళ్ళ పద్ధతి వేరు. జట్టుకు 11 మంది కాదు, 12 మంది. మైదానం 100 గజాలు కాదు, 110. (2027 నుంచి దాన్ని కూడా 100కి కుదిస్తామని లీగ్ 2025 సెప్టెంబర్‌లో ప్రకటించింది. దాని మీద గొడవ ఇంకో వ్యాసానికి సరిపోతుంది.) గోల్ కొట్టబోయి గురి తప్పినా, బంతి ఎదుటివాళ్ళ ఎండ్ జోన్‌లోంచి, అంటే మైదానం చివరి భాగంలోంచి, బయటికి రాకపోతే ఒక పాయింట్ ఇస్తారు. గురి తప్పినందుకు బహుమానం అన్నమాట. దీన్ని రూజ్ అంటారు, ఇందులోనూ మార్పులు వస్తున్నాయి.

అసలు తేడా ఛాన్సుల్లో ఉంది. బంతి చేతిలో ఉన్న జట్టు 10 గజాలు ముందుకు వెళ్తే ఆట కొనసాగించొచ్చు. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. అమెరికాలో నాలుగు డౌన్‌లు ఇస్తే కెనడాలో మూడే. చివరి డౌన్‌లో సాధారణంగా బంతిని దూరంగా తన్నేస్తారు కాబట్టి, నిజానికి అమెరికా జట్టుకు చేతిలో ఉండేది మూడు ప్రయత్నాలు, కెనడా జట్టుకు రెండు. 10 గజాలకు రెండు ప్రయత్నాలంటే సగటున ఒక్కోదానికి ఐదు గజాలు రావాలి. అమెరికాలో మూడున్నర గజాల లోపే సరిపోతుంది. క్రికెట్ భాషలో, కెనడా జట్టుకు మొదటి ఓవర్ నుంచే రిక్వైర్డ్ రన్ రేట్ ఎక్కువ.

ఒక ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం. బంతి ఎడ్మంటన్ చేతిలో, తన సొంత 35 గజాల గీత దగ్గర ఉంది. మొదటి డౌన్‌లో బంతి పట్టుకుని పరిగెత్తిన ఆటగాడు మూడు గజాలు సంపాదించాడు. అదేం చెత్త పరుగు కాదు, కానీ ఇంకా ఏడు గజాలు మిగిలాయి. ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, పాస్ వేయక తప్పదని ఎదుటి జట్టుకూ తెలుసు, స్టాండ్స్‌లో పాప్‌కార్న్ తినేవాడికీ తెలుసు. అందరూ మీద పడుతుంటే అతను హడావిడిగా విసిరాడు, బంతి నేలపాలైంది. మూడో డౌన్‌లో తన్నేసి బంతి అప్పగించారు. దీన్నే అక్కడివాళ్ళు టూ అండ్ అవుట్ అంటారు.

టీవీలో అది నిమిషం వ్యవహారం. కానీ ఇప్పుడే బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసా మూత తీసిన డిఫెన్స్ ఆటగాళ్ళు మళ్ళీ హెల్మెట్లు పెట్టుకోవాలి. ఇలా నాలుగైదుసార్లు జరిగితే మూడో క్వార్టర్‌కి వాళ్ళ కాళ్ళు చచ్చుబడతాయి. అప్పుడు పాయింట్లు ఇచ్చేది డిఫెన్స్, తిట్లు తినేదీ డిఫెన్సే. తప్పు మొదలైంది మాత్రం ఆ మూడు గజాల పరుగు దగ్గర, లేదా ఆ పరుగు పెట్టమన్న పిలుపు దగ్గర.

ఎవరిని తిట్టాలో తెలియాలంటే ఎవరి పని ఏమిటో తెలియాలి

అభిమాని కేకలో అందరూ కలిపి కోచే. లోపల మాత్రం పనులు విడివిడిగా ఉంటాయి. ఆటగాళ్ళను వెతికి, ఒప్పందాలు రాసి, జట్టు కూర్చేది జనరల్ మేనేజర్. చేతికొచ్చిన ఆటగాళ్ళతో ఆట నడిపేది హెడ్ కోచ్. బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఏ ఆట ఆడాలో పిలిచేది అఫెన్సివ్ కోఆర్డినేటర్, ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు చూసుకునేది డిఫెన్సివ్ కోఆర్డినేటర్. పై ఉదాహరణలో మొదటి డౌన్‌లో పరుగు పెట్టమన్నది కోఆర్డినేటర్ అయి ఉంటాడు. ఎదుటివాణ్ణి ఆపలేని లైన్‌మ్యాన్‌ను తెచ్చింది మేనేజర్. స్క్రీన్ మీద ముఖం కనబడేది హెడ్ కోచ్‌ది.

ఎడ్మంటన్‌లో ఈ విభజన కూడా లేకుండా పోయింది. 2021 డిసెంబర్‌లో క్రిస్ జోన్స్‌ను తెచ్చి హెడ్ కోచ్, జనరల్ మేనేజర్ రెండు పదవులూ ఇచ్చారు. డిఫెన్స్ కూడా ఆయనే చూసుకున్నాడు. 2015లో ఎడ్మంటన్‌కు కప్పు తెచ్చిన కోచ్ ఆయనే. గెలిచిన కొద్ది రోజులకే సస్కాచెవాన్‌కు వెళ్ళిపోయినవాడు కూడా ఆయనే. అలా వెళ్ళినవాణ్ణి తిరిగి పిలిచి తాళాలన్నీ చేతికివ్వడం అభిమానుల్లో కొందరికి ఇంటికి పెద్దదిక్కు వచ్చినట్టనిపించింది, కొందరికి మింగుడు పడలేదు.

ఫలితాలు చూస్తే 2022లో 4 గెలుపులు, 14 ఓటములు. 2023లోనూ 4, 14. 2024లో వరసగా ఐదు ఓటముల తర్వాత జులై 15న తొలగించారు. మొత్తం 41 ఆటల్లో 8 గెలుపులు. ఈ అంకెల ముందు అభిమానుల కోపం అతి అని ఎవరూ అనలేరు. అయితే ఆ చివరి ఐదు ఓటముల్లో కొన్ని మూడే పాయింట్ల తేడాతో పోయాయని, జట్టు అప్పటికే మెరుగుపడుతోందని వాదించినవాళ్ళూ ఉన్నారు. ఆయన తర్వాత తాత్కాలికంగా పగ్గాలు పట్టిన జేరియస్ జాక్సన్ అదే ఆటగాళ్ళతో మిగిలిన 13 ఆటల్లో 7 గెలిచాడు. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. కోచ్ పోగానే జట్టు బాగుపడిందనొచ్చు. లేదా ఆ జట్టును కూర్చింది జోన్సే కాబట్టి ఆయన ఎంపిక అంత చెడ్డది కాదనొచ్చు. నాకైతే రెండూ ఒకేసారి నిజమేననిపిస్తుంది. ఆటగాళ్ళను ఎంచడం, వాళ్ళను నడిపించడం వేర్వేరు విద్యలు. రెండూ ఒకడి నెత్తిన పెట్టడమే అసలు పొరపాటు.

ఒక్క ఆట కూడా ఆడించని కోచ్

జోన్స్ ఒక్కడి కథే అయితే సులువుగా తేలిపోయేది. ఆయన రావడానికి ముందు జరిగింది చూస్తేనే రోగం ఎంత పాతదో తెలుస్తుంది.

2019లో జట్టు 8–10తో, అంటే 8 గెలుపులు, 10 ఓటములతో ముగించినా, పశ్చిమ విభాగంలోని జట్టుకు తూర్పు ప్లేఆఫ్స్‌లో చోటిచ్చే క్రాసోవర్ నియమం కింద ముందుకెళ్ళి, మాంట్రియల్‌ను ఓడించి తూర్పు ఫైనల్ దాకా వచ్చింది. అయినా ఆ సీజన్ అయిపోగానే కోచ్ జేసన్ మాస్‌ను పంపేశారు. స్కాట్ మిలనోవిచ్‌ను తెచ్చారు. 2020 సీజన్ రద్దయింది. 2021 జనవరిలో ఆయన అమెరికాలోని ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఇండియానాపొలిస్ కోల్ట్స్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఏడాదికి పైగా హెడ్ కోచ్‌గా ఉండి ఒక్క ఆట కూడా ఆడించలేదు! ఆ ఖాళీలో జేమీ ఎలిజోండో వచ్చాడు. ఆ ఏడాది జట్టు 3–11. నవంబర్‌లో కోచ్ ఎలిజోండో, జనరల్ మేనేజర్ బ్రాక్ సండర్లాండ్, ప్రెసిడెంట్ క్రిస్ ప్రెసన్ ముగ్గురినీ ఒకేసారి తీసేశారు.

తర్వాత జోన్స్, ఆయన తర్వాత జాక్సన్, 2024 సీజన్ అయ్యాక మార్క్ కిలామ్. మాస్‌ను కూడా కలిపి లెక్కేస్తే 2019 శరదృతువు నుంచి ఆరుగురు హెడ్ కోచ్‌లు. అద్దె ఇల్లు ఇంత తరచుగా మారినా పిల్లల చదువు దెబ్బతింటుంది. ఇక్కడ కోచ్ మారిన ప్రతిసారీ ఆటల పుస్తకం మారుతుంది, సహాయ కోచ్‌లు మారతారు, ఎలాంటి ఆటగాడు కావాలన్న అభిప్రాయం మారుతుంది. అసలే ఈ లీగ్‌లో ఒప్పందాలు ఎక్కువగా ఒకటి రెండేళ్ళవి. ఫిబ్రవరిలో మార్కెట్ తెరవగానే ఆటగాళ్ళు అటూ ఇటూ దూకేస్తారు. జూన్ నాటికి లాకర్ రూమ్‌లో సగం మంది ఒకరినొకరు పేరడిగి పరిచయం చేసుకునే పరిస్థితి.

కోచ్‌ని తీసేస్తే ఖర్చు పోదు, పెరుగుతుంది

కోచ్ బాగాలేకపోతే మార్చడానికి ఇంత ఆలోచనెందుకని అభిమాని అడుగుతాడు. సమాధానం లెక్కల పుస్తకంలో ఉంది.

కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్ చిన్నది, తొమ్మిదే జట్లు. డబ్బున్న జట్టు డబ్బులేని జట్టును మింగేయకుండా ఖర్చులకు పరిమితులు పెట్టారు. ఆటగాళ్ళ జీతాలకు ఒక పరిమితి, 2023లో అది 54.5 లక్షల కెనడా డాలర్లు. ఆ ఏడాది ఆటగాడి కనీస జీతం 70 వేలు. స్థూలంగా లెక్కేద్దాం. క్వార్టర్‌బ్యాక్‌కు 5 లక్షలు ఇచ్చారనుకోండి. మిగిలిన 49.5 లక్షలను ఆట రోజు జాబితాలో ఉండే మిగతా 44 మందికి పంచితే తలకు లక్షా పన్నెండు వేల చిల్లర. గాయపడ్డవాళ్ళ జీతాలు వగైరా కలిపితే అదీ తగ్గుతుంది. క్వార్టర్‌బ్యాక్ ఎంపికలో బోల్తాపడితే ఆ సీజన్‌కు వేరే దారి లేనట్టే.

2019 నుంచి కోచ్‌లు, మేనేజర్ల విభాగానికి కూడా పరిమితి వచ్చింది. ఆ ఏడాది అది సుమారు 26 లక్షల డాలర్లు, కోచ్‌ల సంఖ్య 11కు మించకూడదు. ఇక్కడే మెలిక ఉంది. తీసేసిన కోచ్‌కు ఒప్పందం ప్రకారం ఇంకా ఇవ్వవలసిన జీతం కూడా ఈ పరిమితిలోకే వస్తుంది. ఊహాత్మకంగా ఒక ఉదాహరణ చూద్దాం. ఏడాదికి 4 లక్షల జీతంతో ఇంకా రెండేళ్ళు ఒప్పందం మిగిలి ఉన్న కోచ్‌ను తీసేశారు. రెండేళ్ళపాటు 26 లక్షల్లో 4 లక్షలు, అంటే 15 శాతం, ఇంట్లో కూర్చున్నవాడికి పోతుంది. మిగిలిన 22 లక్షల్లోనే కొత్త హెడ్ కోచ్, సహాయకులు, మేనేజర్, ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు అందరూ సర్దుకోవాలి. ముగ్గురిని ఒకేసారి తీసేస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

దీనికి మందుగా ఎడ్మంటన్ ఒకడికే రెండు మూడు కుర్చీలు ఇచ్చింది. జీతాలు మిగులుతాయి కదా. ఆ ఒకడు గెలవకపోతే అతన్ని తీసేయడం ఇంకా ఖరీదు. ముల్లును ముల్లుతో తీయబోయి రెండూ అరికాల్లోనే ఉండిపోయినట్టైంది. జోన్స్‌ను రెండో ఏడాది చివరే ఎందుకు పంపలేదన్న అభిమానుల ప్రశ్నకు సమాధానంలో ఈ లెక్క కూడా ఒక భాగం.

ఈ పరిమితిని సమర్థించేవాళ్ళ మాటలోనూ పస ఉంది. అది లేకపోతే డబ్బున్న యజమాని ఏడాదికో కోచ్‌ను కొని ఏడాదికో కోచ్‌ను పారేస్తాడు, ఒప్పందాలు జాగ్రత్తగా రాయండి అని చెప్పడానికే ఈ నియమం అంటారు. వ్యతిరేకించేవాళ్ళు, తప్పు చేసిన మేనేజ్‌మెంట్‌కు శిక్ష పడడం సరే, టికెట్ కొన్న అభిమానికెందుకు పడాలంటారు.

కెనడావాళ్ళు ఎంతమంది ఉండాలన్న నియమం

ఇంకో మెలిక రేషియో. ఆటగాళ్ళలో ఎక్కువ మంది అమెరికా కాలేజీల నుంచి వస్తారు. అలా వదిలేస్తే కెనడా లీగ్‌లో కెనడావాళ్ళే ఉండరని, మొదట మైదానంలోకి దిగే 24 మందిలో, అంటే అఫెన్స్ 12, డిఫెన్స్ 12 కలిపి, కనీసం ఏడుగురు స్వదేశీయులు ఉండాలని పెట్టారు. ఐపీఎల్‌లో విదేశీయులు నలుగురికి మించకూడదన్న నియమం మనకు తెలిసిందే, దానికి ఇది దూరపు చుట్టం.

అమెరికా ఆటగాడు గాయపడితే ఇంకొకడు వారంలో విమానం దిగుతాడు. కెనడా లైన్‌మ్యాన్ గాయపడితే బయట అంత సరుకు దొరకదు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేటప్పుడు, తీసుకున్న కుర్రాడు పెద్దవాళ్ళ ఆటకు అలవాటు పడ్డానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అంటే ఇవాళ మైదానంలో కనబడే లోటు మూడేళ్ళ కింద ఎవరో వేసిన, లేదా వేయని, విత్తనం. ఈలోగా విత్తనం వేసినవాడు పోయి, వచ్చినవాడు పొలమంతా మళ్ళీ దున్నేస్తుంటే పంట ఎప్పుడు చేతికొస్తుంది? ఎడ్మంటన్ విషయంలో అభిమానుల తిట్లలో అతి తక్కువగా వినబడే సంగతి ఇదే. బహుశా అతి ముఖ్యమైనదీ ఇదే.

ట్రే ఫోర్డ్ సంగతి

కోచ్ తర్వాత ఎక్కువ వాదన నడిచింది క్వార్టర్‌బ్యాక్ మీద. 2023 జులై 29న బీసీ లయన్స్ చేతిలో 27–0తో ఓడినప్పుడు సొంతగడ్డపై వరస ఓటములు 21 అయ్యాయి, బ్రౌన్స్ రికార్డు బద్దలైంది. సొంత మైదానంలో ఒక్క పాయింట్ కూడా రాలేదు. ఆ తర్వాత ఆటలు పిలిచే పని స్టీఫెన్ మెక్‌అడూ నుంచి జేరియస్ జాక్సన్‌కు మారింది. అప్పటిదాకా ఎక్కువగా ఆడిన టేలర్ కార్నీలియస్ స్థానంలో ఆగస్ట్ 10న ట్రే ఫోర్డ్ దిగాడు.

ఫోర్డ్‌ది మామూలు నేపథ్యం కాదు. వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఆడి, 2021లో కెనడా విశ్వవిద్యాలయాల ఉత్తమ ఆటగాడికిచ్చే హెక్ క్రైటన్ ట్రోఫీ గెలిచినవాడు. ఈ లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్‌లు దాదాపు అందరూ అమెరికావాళ్ళే. అటావాకు ఆడిన రస్ జాక్సన్ 1969లో గ్రే కప్ గెలిచి విరమించుకున్నాక, కెనడా కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా నిలదొక్కుకోవడం అరుదైపోయింది. అందుకే ఫోర్డ్‌ను ఆడించాలా వద్దా అన్నది ఆట ప్రశ్నగానే మిగల్లేదు. మనవాడికి ఛాన్స్ ఇవ్వరా అన్న రోషం కూడా కలిసింది.

ఆగస్ట్ 10న విన్నిపెగ్ మీద ఎడ్మంటన్ 22–0 ఆధిక్యంలోకి వెళ్ళింది. ఇన్నేళ్ళ దరిద్రం ఇవాళ వదిలిందని స్టేడియం అంతా అనుకుని ఉంటుంది. చివరికి స్కోరు విన్నిపెగ్ 38, ఎడ్మంటన్ 29. అంటే 22–0 తర్వాత మిగిలిన ఆటలో 38–7. ఇప్పుడు దీనికి బాధ్యుడెవరు? ఆధిక్యం రాగానే అఫెన్స్ తడబడిందా, డిఫెన్స్ అలిసిందా, కోచ్ సర్దుబాటు చేయలేదా? లేక అప్పటికే రెండు గ్రే కప్‌లు ఎత్తిన విన్నిపెగ్ బృందం అనుభవం పనిచేసిందా? ఎవరికి వాళ్ళు తమ కోపానికి తగిన జవాబు ఏరుకోవచ్చు.

సరిగ్గా వారానికి హామిల్టన్‌లో 24–10తో గెలిచారు. ఆగస్ట్ 27న అటావా మీద 30–20తో ఆ 1,415 రోజుల లెక్క ముగిసింది. మొదటి తొమ్మిది ఆటలూ ఓడిన జట్టు మిగిలిన తొమ్మిదింటిలో నాలుగు గెలిచింది. కానీ 2024కు జోన్స్ అనుభవజ్ఞుడైన మెక్‌లౌడ్ బెతెల్-థామ్సన్‌ను తెచ్చి ఫోర్డ్‌ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. జనం భగ్గుమన్నారు. జోన్స్ పోయాక 2025లో కొత్త కోచ్ కిలామ్ ఫోర్డ్‌తోనే మొదలుపెట్టాడు. కొన్ని ఓటముల తర్వాత ఆయనా ఫోర్డ్‌ను పక్కనపెట్టి కోడీ ఫహార్డోను దింపాడు. ఒకరంటే ఒకరికి సంబంధం లేని ఇద్దరు కోచ్‌లు అదే నిర్ణయానికి వచ్చారంటే, మొదటాయన మొండితనం వల్లే ఫోర్డ్ అణిగిపోయాడన్న వాదన కొంచెం బలహీనపడుతుంది. పూర్తిగా పోదు. ఏడాదికో ఆటల పుస్తకం బట్టీ పట్టవలసి వచ్చిన కుర్రాడు ఎంత ఎదగగలడన్నది న్యాయమైన ప్రశ్నే.

ఓపిక పట్టిన విన్నిపెగ్, ఒక్కణ్ణే మార్చిన సస్కాచెవాన్

నియమాలు అందరికీ ఒకటే కదా, మరి వేరేవాళ్ళు ఎలా గెలుస్తున్నారు? ఈ ప్రశ్న ముందు ఎడ్మంటన్‌ను సమర్థించేవాళ్ళు తడుముకుంటారు.

విన్నిపెగ్ బ్లూ బాంబర్స్ 2014 సీజన్‌కు మైక్ ఓషేను కోచ్‌గా తెచ్చింది. మొదటి ఏడాది 7–11. రెండో ఏడాది 5–13. మూడో ఏడాది మొదటి ఐదు ఆటల్లో నాలుగు ఓటములు. అప్పుడు విన్నిపెగ్ జనం అన్న మాటలూ ఎడ్మంటన్ జనం అంటున్నవే. అయినా తీసేయలేదు. ఆ సీజన్ 11–7తో ముగిసింది. 2019లో, 2021లో గ్రే కప్ గెలిచారు. 2022, 2023, 2024 ఫైనల్స్‌కూ వెళ్ళారు, ఓడారనుకోండి. కాబట్టి ఓపికే మందు అనేయాలని చెయ్యి దురద పెడుతుంది.

ఆగండి. పక్క రాష్ట్రం సస్కాచెవాన్ రఫ్‌రైడర్స్ 2022, 2023 రెండేళ్ళూ 6–12తో ముగించాక కోచ్ క్రెయిగ్ డికెన్సన్‌ను సాగనంపింది. పుచ్చకాయ డొప్పలు హెల్మెట్లుగా తలకు పెట్టుకుని స్టేడియానికి వచ్చే అభిమానులు వాళ్ళు, జట్టు ఓడితే ఊరికే వదలరు. కొత్తగా వచ్చిన కోరీ మేస్ రెండో ఏడాదే, 2025లో, గ్రే కప్ తెచ్చాడు. మార్పు మందు కాదనడానికి వీల్లేదు.

తేడా ఎక్కడుందంటే, సస్కాచెవాన్ హెడ్ కోచ్‌ను మార్చింది కానీ జనరల్ మేనేజర్ జెరెమీ ఓడేను ఉంచింది. ఆటగాళ్ళను వెతికే బృందం, డ్రాఫ్ట్ నుంచి ఎదుగుతున్న కెనడా కుర్రాళ్ళు అలాగే ఉన్నారు. డ్రైవర్ మారాడు, బండి అదే. ఎడ్మంటన్ 2021లో డ్రైవర్, బండి, మెకానిక్ ముగ్గురినీ ఒకేసారి మార్చింది. అందుకే కోచ్‌ను తీసేయాలా వద్దా అని వాదించుకోవడం కంటే, తీసేటప్పుడు ఇంకేం చెదరకుండా ఉంచారని అడిగితే ఎడ్మంటన్ కథ బాగా అర్థమవుతుంది.

యజమాని లేని ఇంట్లో కోపం ఎవరికి చెప్పాలి

1949 నుంచి 2024 దాకా ఎడ్మంటన్ జట్టుకు యజమాని అంటూ ఒకరు లేరు. సమాజం పేరున ఉన్న సంస్థ, దానికో బోర్డు. విన్నిపెగ్, సస్కాచెవాన్ ఇప్పటికీ అలాంటివే. గెలుస్తున్నప్పుడు ఇది మా జట్టు అన్న గర్వం. ఓడుతున్నప్పుడు మాత్రం వేలెత్తి చూపడానికి ఒక మనిషి ఉండడు. బోర్డు కోచ్ వైపు చూపిస్తుంది, కోచ్ గాయాల వైపు చూపిస్తాడు. సొంత జట్టన్న భావన ఉన్నచోట నిరాశ కూడా కొనుగోలుదారుడి నిరాశలా ఉండదు, ఇంట్లోవాడు తాగి ఆస్తి తగలేస్తుంటే కలిగే నిరాశలా ఉంటుంది.

దీనికి తోడు పేరు గొడవ. పాత పేరు ఆర్కిటిక్ ప్రాంత మూలవాసులను కించపరిచేదని ఎన్నాళ్ళుగానో విమర్శ ఉంది. 2020లో దాన్ని వదిలేసి 2021లో ఎల్క్స్ అయ్యారు. పేరు మార్చడం సరైనదేనని ఎక్కువ మంది ఒప్పుకున్నా, కొందరు పాత అభిమానులు అలిగారు. కొత్త పేరుతో ఆడిన మొదటి ఏడాదే 3–11 కావడం దురదృష్టం. పేరు వల్ల జనం తగ్గారా, ఓటముల వల్ల తగ్గారా అన్నది ఇక ఎవరూ విడదీయలేరు. కామన్వెల్త్ స్టేడియం 1978 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టినది, 56 వేల మంది పడతారు. ఇరవై వేల మంది వచ్చినా టీవీలో ఖాళీగా కనబడుతుంది. 2024లో పై అంతస్తు సీట్లు మూసేసి కింది భాగంలోనే కూర్చోబెట్టారు. ఆ ఏడాది ఆగస్ట్‌లో స్థానిక వ్యాపారి లారీ థామ్సన్‌కు జట్టును అమ్మారు. వేలెత్తి చూపడానికి మొట్టమొదటిసారి ఒక మనిషి దొరికాడు.

కొత్త యజమాని కింద పదవులు మళ్ళీ విడదీశారు. ఆటగాళ్ళ ఎంపిక ఎడ్ హార్వీకి, ఆట నడపడం మార్క్ కిలామ్‌కు. హార్వీ ఇక్కడ ఒకప్పుడు ఆటగాడు, 2015లో కప్పు వచ్చినప్పుడు జనరల్ మేనేజర్. కిలామ్ బద్ధశత్రువు కాల్గరీ దగ్గర ఏళ్ళ తరబడి సహాయ కోచ్.

వీళ్ళ మొదటి ఏడాది, 2025, 7–11తో ముగిసింది. 2024లోనూ సరిగ్గా 7–11. అంకెలు చూసి ఏం మారిందని పెదవి విరిచినవాళ్ళున్నారు. ఓషే మొదటి ఏడాది కూడా 7–11 అని గుర్తుచేసేవాళ్ళూ ఉన్నారు. ఆ రెండో రకం వాళ్ళు చెప్పకుండా దాటేసే సంగతేమిటంటే, ఓషే రెండో ఏడాది 5–13.